గూటి తలుపుపై నక్క సర్వే

రాత్రిపూట కోళ్లగూటి తలుపు తీసి ఉంచాలా, మూసి ఉంచాలా అని నక్క సర్వే పెట్టింది.

"నిర్ణయం పూర్తిగా మీదే. నేను లెక్కపెట్టడానికే వచ్చాను," అంది.

పెట్టలన్నీ నక్క చల్లిన నూకలు తింటున్నాయి. వాటి చుట్టూ నక్క ముందే ఒక గీత గీసి పెట్టింది.

"ఈ గీతలో ఉన్నవాళ్లంతా తలుపు తీయమన్నట్టే. మూయమనేవాళ్లు ఆ ముళ్లకంప దాటి అవతల నిలబడాలి."

చుక్కల పెట్ట తన పిల్లల్ని పోగేసుకుని కంప వైపు నడిచింది.

"చల్లగాలి మీకు గిట్టదా అమ్మా? నూటికి తొంభైతొమ్మిది మంది తీయమన్నారే!" అంది నక్క.

"వాళ్లేమీ అనలేదు. తింటున్నారు."

"పోనీ, పిల్లల ఆరోగ్యం మీకు అక్కర్లేదని రాసుకోనా?"

"రాసుకో."

"ఎందుకొదినా ఈ మంకుపట్టు? నూకలైపోతున్నాయి, రా!" అని మిగతా పెట్టలు నవ్వాయి.

పిల్లలు కంప కిందనుంచి సులువుగా దూరిపోయాయి. తల్లికి మాత్రం ఈకలూడి రక్తం వచ్చింది. అయినా దాటింది, చీకటి పడ్డా వెనక్కి రాలేదు.

నక్క లెక్క ప్రకారం గూటి తలుపు ఆ రాత్రంతా తెరిచే ఉంది.

తెల్లారాక నక్క నిండు పొట్టతో, మూతికంటిన ఈకలు దులుపుకుంటూ కంప దగ్గరికి వచ్చింది.

"రాత్రి ఏర్పాట్లు ఎలా ఉన్నాయని మళ్లీ అడిగానమ్మా. తలుపు తీయమన్నవాళ్లలో ఒక్కరు కూడా ఫిర్యాదు చేయలేదు. అసంతృప్తిగా ఉన్నది మీరొక్కరే."