కుళాయి ఉన్న ఇల్లు

"వస్తున్నాడు! తెల్లచొక్కా, చేతిలో గొడుగు!" పక్కింటి వదిన గోడ మీంచి కేకేసింది.

వడ్రంగి తల్లి కొంగు సర్దుకుని వసారాలోకి వచ్చింది.

నీరు పల్లమెరుగు అంటారు. ఆ మెట్ట ఊరిని చూస్తే రోడ్లూ, ఫ్యాక్టరీలూ, ఆసుపత్రులూ కూడా పల్లమే ఎరుగుతాయనిపిస్తుంది.

అందుకే కింది ఊళ్ళవాళ్ళెవరూ పైకి పిల్లనివ్వరు. వడ్రంగికి ముప్పై దాటినా పెళ్ళి కాలేదు.

ఇన్నాళ్ళకి కింది నుంచి ఒక సంబంధం వచ్చింది. 'కుళాయి లేని ఇంటికి మాత్రం ఇవ్వం' అన్నారు.

"పిల్ల మేనమామ చూసిపోతాడు. చెప్పాపెట్టకుండా వస్తాడు, తానెవరో చెప్పడు" అని మధ్యవర్తి ముందే హెచ్చరించాడు.

అంతే, వీధి వీధంతా కదిలింది. అటక మీద పీపా ఎక్కించి, గొట్టం దించి, వసారాలో కుళాయి బిగించారు. ఆడవాళ్ళు లోయలోంచి బిందెలు మోసి పీపా నింపారు.

"తప్పు కదే అమ్మా?" అన్నాడు వడ్రంగి.

"వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు. నువ్వూరుకో."

గొడుగాయన గుమ్మంలో ఆగాడు.

"కాసిని మంచినీళ్ళిస్తారా అమ్మా?"

"అదిగో, కుళాయి తిప్పుకోండి బాబూ."

తిప్పాడు. ధార పడింది. ఆయన ఆశ్చర్యపోయాడు.

"రోజూ వస్తాయా?"

"ఆగితే కదా!"

"అందరిళ్ళకీనా?"

"మా ఇంట్లో రెండు" అంది వదిన. అబద్ధానికేమైనా పన్నా!

"అయితే బిందెలు మోయక్కర్లేదన్నమాట."

"బిందె ఎత్తడమే మరిచిపోయామండీ" అంది తల్లి, కాయలు కాసిన అరచేతులు కొంగులో దాచుకుంటూ.

ఆయన మొహం తేటపడింది.

"మీ ఊరి గురించి బెంగగా ఉండేదమ్మా. చాలా సంతోషం" అని దండం పెట్టి వెళ్ళిపోయాడు.

తల్లి ఆనందం పట్టలేక వదినను కావలించుకుంది.

సాయంత్రం బస్సుకి గుబురు మీసాలాయన దిగి, నేరుగా ఇంటికొచ్చాడు.

"ఇంక దాపరికమెందుకు? నేను పిల్ల మేనమామనండీ."

ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

వడ్రంగి గబగబా కుర్చీ వేశాడు. "కుళాయి చూస్తారా?" అన్నాడు నెమ్మదిగా.

"చూసేదేముంది అల్లుడూ! బస్సు దగ్గర గొడుగు పట్టుకుని నీళ్ళ ఇంజనీరుగారు కలిశారు, మెట్టలో ఒక్క ఊరికే గొట్టం వేసే వీలుందట, మీకు ఇంటింటికీ కుళాయిలున్నాయని చూసి దాన్ని పక్క ఊరికి రాసేశారట, ఇక పెళ్ళి మాట్లాడుకుందాం!"