ముందు కూర్చోండి

ఆస్పత్రి నిర్వహణలో ఎంబీఏ చదివేవాళ్లలో మాట మెత్తగా ఉన్నవాళ్ల గొంతును ఆస్పత్రులు తీసుకునే రోజులివి. ఈ ఏడాది తేజోవతి గొంతు నచ్చింది. మనిషి పోయిన కబురు ఇంటివాళ్లకు ఫోన్లో చెప్పే యంత్రం ఇప్పుడు జిల్లా అంతటా ఆమె గొంతుతోనే మాట్లాడుతోంది. "ముందు కూర్చోండి" అని మొదలుపెడుతుంది. ఆ మాట రాసింది కూడా తేజోవతే. పరీక్షలో దానికి పూర్తి మార్కులు పడ్డాయి.

మొదట్లో గర్వంగానే ఉండేది. ఇప్పుడు బయట నోరు విప్పాలంటే జంకు. ఇంట్లో అయితే ఈ సంగతే చెప్పలేదు.

పొద్దున రైతుబజారులో "చిక్కుళ్లు ఎంతమ్మా?" అని అడిగిందో లేదో, తూకం వేస్తున్న ఆవిడ తక్కెడ దించేసింది.

"డబ్బులొద్దు తల్లీ, తీసుకుపో. మొన్న మా ఆయన పోయాడని చెప్పింది నువ్వే కదా. ఇంకేం మాట్లాడకు."

ఇంటికొచ్చి, వంటింట్లో చిక్కుళ్లకు ఈనెలు తీస్తూ కూర్చుంది. నాన్న ఏటా చేయించుకునే గుండె పరీక్షకు ఆస్పత్రికి వెళ్లారు. భోజనాల వేళకు వచ్చేస్తానన్నారు. చిక్కుడుకాయ కూర ఆయన అడిగిందే.

హాల్లో ఫోను మోగింది. అమ్మ తీసింది. తీసి నవ్వింది.

"అదేంటే, వంటింట్లో ఉండి ఫోన్ చేస్తావేంటి? కేకేస్తే పలకనా?"

"పెట్టెయ్యమ్మా" అని అరవబోయింది తేజోవతి.

ఈలోగా కుర్చీ లాగిన చప్పుడు వినిపించింది.

"సరేలే, కూర్చున్నాను. చెప్పు."