తిన్నని దారి

"మళ్ళీ చచ్చావ్!"

క్లాస్ లీడరు డస్టరుతో చివరి బెంచీ పిల్ల వీపు మీద మెల్లగా తట్టాడు. సుద్ద మరక పడింది.

"గట్టిగా కొట్టరా. నిజం రాక్షసుడు నీలా బుజ్జగిస్తాడా?" అంది లెక్కల టీచర్.

వాడు తల గోక్కున్నాడు. ఆ పిల్లని కొట్టాలంటే వాడికెందుకో భయం.

బెంచీలన్నీ గోడకి జరిపి, టీచర్ నేల మీద సుద్దతో ఒక ఇల్లు గీసింది. మూలన బీరువా, ఎదురుగా వీధి తలుపు. మధ్యలో మాత్రం నిజం బల్లే. బయట వరండాలో ఒక సున్నా, అది అమ్మమ్మ ఇల్లు. దెబ్బ పడకుండా అక్కడికి చేరాలి.

"ప్రతిసారీ బీరువా మూలకే ఎందుకు దూరతావే?"

"అలవాటు టీచర్."

టీచర్ అందరి వైపూ తిరిగింది. "వెంటపడేవాడు మీరున్న చోటికే వస్తాడు. మీరు కదిలినకొద్దీ వాడి దారి వంకర తిరుగుతుంది. మీరు తలుపుకి తిన్నగా గీత గీసుకోండి. ఏది పొట్టి?"

"తిన్ననిదే!"

"ఏమిటీ గోల?"

గుమ్మంలో హెడ్మాస్టరు, చేతిలో బెత్తం. నవ్వులు టక్కున ఆగిపోయాయి.

"జ్యామితి సార్."

"కుప్పిగంతులకి జ్యామితి అని పేరా? ఈ పూటతో మీ ఉద్యోగం ఆఖరు." ఆయన చివరి బెంచీ పిల్ల వైపు తిరిగాడు. "రావే. నేనే రాక్షసుణ్ణి. నీ లెక్కేంటో చూస్తా."

మొదటి దెబ్బకే భుజం చిట్లింది. పిల్ల బీరువా మూలకి ముడుచుకుపోయింది. రెండోది చెవి మీద పడింది. మూడోది మోచేతి ఎముక మీద.

"ఆపండి సార్!" టీచర్ బెత్తం పట్టుకుంది. ఆయన ఒక్క తోపు తోశాడు. ఆవిడ తల బోర్డు అంచుకి కొట్టుకుని రక్తం కళ్ళలోకి కారింది. ఎంత అన్యాయం! గదిలో ఒక్కరూ కదల్లేదు.

"మూల వదిలెయ్యవే!" నేల మీద నుంచే అరిచింది టీచర్. "గీత గీసుకో!"

పిల్ల ఆయన చేతి కింద నుంచి దూరి బల్ల అవతలికి వెళ్ళింది. ఆయన బల్ల చుట్టూ వంకరగా తిరిగి వచ్చేలోపు తలుపుకి తిన్నగా దూసుకెళ్ళింది. బెత్తం గుమ్మానికి తగిలి రెండు ముక్కలైంది.

సున్నా దగ్గర ఆ పిల్ల ఆగలేదు. దాన్ని తొక్కుకుంటూ వరండా దిగి, గేటు దాటి, అసలు అమ్మమ్మ ఇంటి వైపు పరుగెత్తింది.

నాన్న చేతికి ఆ పిల్ల దొరక్కపోవడం అదే మొదటిసారి.