వంద నంబరు పెట్రోలు

"తొంభై అయిదు నంబరు పెట్రోలు కొట్టండి," అంది నెవెనా, హెల్మెట్ తీయకుండానే.

పంపు దగ్గరి ముసలాయన గొట్టం అందుకోలేదు.

"ఆ ఎత్తు ఎక్కి వస్తుంటే విన్నాను. ఇంజన్లో గులకరాళ్లు దొర్లుతున్నాయేం తల్లీ? ఎన్నాళ్ల నుంచి?"

"నేను నడుపుతున్నప్పటి నుంచి. పాత బండి కదా బాబాయ్, ఆ మాత్రం గొణుగుతుంది."

"దీనికి వంద కొట్టాలి."

నెవెనాకు నవ్వొచ్చింది. నాన్నదీ ఇదే పాట. ఆయన వంద కొట్టించడం, ఈమె దండగని పోట్లాడడం, ఆయన ముసిముసిగా నవ్వి మళ్లీ వందే కొట్టించడం. ఆ పోట్లాట ఇప్పుడు కావాలన్నా దొరకదు.

"వంద కొడితే రెక్కలొస్తాయా? ఆ నంబరు బలం కాదు బాబాయ్, ఓర్పు. ఇంజన్ ఎంత గట్టిగా నొక్కినా పెట్రోలు ముందే భగ్గుమనకుండా ఆగే ఓర్పు. ఇది మెల్లగా నొక్కే ఇంజన్. బండితో వచ్చిన పుస్తకంలో ఉంది."

"బాగానే చదివావు. పుస్తకం రాసినవాడు ఈ బండిని చూశాడా?"

ఆమె వచ్చిన రోడ్డు కేసి చూసి అడిగాడు.

"మీ నాన్న రాలేదా?"

"చలికాలంలో పోయారు. ఇవాళ కొండ పందెంలో ఆయన నంబరుతో నేను ఎక్కుతున్నాను. గెలవక్కర్లేదు, పైదాకా చేరితే చాలు."

ముసలాయన టోపీ తీసి చేతుల్లో నలిపాడు.

"అయితే నా మాట విను బంగారం. వంద కొట్టనీ."

"మా నాన్న బండి గురించి మీరా నాకు చెప్పేది?"

అనేశాక నాలుక కరుచుకుంది. కానీ పంతం పంతమే.

ఆయన తొంభై అయిదే కొట్టాడు. దూడ మెడ నిమిరినట్టు ట్యాంకు నిమిరాడు.

"మేనల్లుడి బదులు వారం రోజులు నిలబడ్డానిక్కడ. మధ్యాహ్నం బస్సుకి వెళ్లిపోతా. జాగ్రత్తగా ఎక్కు తల్లీ."

పందెంలో మూడో మలుపు దగ్గర గులకరాళ్లు కాస్తా బండరాళ్లయ్యాయి. ఠప్పుమంది. పొగ.

కొండ పైభాగం కనబడుతూనే ఉంది. నెవెనా రోడ్డు పక్కన కూర్చుని చిన్నపిల్లలా ఏడ్చింది.

సాయంత్రం మెకానిక్ స్తనోయె ఇంజన్ పైమూత, అదే హెడ్డు, విప్పాడు. పిస్టన్‌కు వేలు దూరేంత చిల్లు.

"తొంభై అయిదు కొట్టించావా? ఈ హెడ్డు ఈ బండిది కాదమ్మాయ్. పందేనికని, నొక్కుడు పెరిగేలా అడుగున అరగదీసింది. దీని నొక్కుడికి వందే ఆగుతుంది."

"పొద్దున పంపు దగ్గర ఒకాయన కూడా అదే చెప్పాడు. పేరైనా అడగలేదు."

స్తనోయె గుడ్డతో జిడ్డు తుడిచాడు. హెడ్డు పక్కన మేకుతో గీసిన అక్షరాలు బయటపడ్డాయి.

"వుకాషిన్, నీది పగిలిందిగా, నా బండిది విప్పి ఇస్తున్నా. నువ్వు ఎక్కు, నేను కింద నిలబడి చూస్తా. వందే పోయి. తిహోమీర్."

వుకాషిన్ నాన్న పేరు. ఆయన గెలిచిన ఒకే ఒక్క కప్పు ఈ హెడ్డుతో ఎక్కిన ఏటిదన్నమాట.

నెవెనా గోడ గడియారం చూసింది. బస్సు వెళ్లిపోయి నాలుగు గంటలైంది.

ఇంటిని కాచే పునీతుడికి చేసే స్లావా పండుగకు ఎవరూ ఎవరినీ పిలవరు, గుర్తున్నవాళ్లే వస్తారు. ఏటా ఆ రోజున "తిహోమీర్ వస్తాడు" అంటూ నాన్న తన పక్కన ఖాళీగా ఉంచిన కుర్చీ, పొద్దున పంపు దగ్గర టోపీ నలుపుతూ నిలబడ్డ ఆ ముసలాయనది.