బొమ్మలో ఉన్నట్టే

"ఈ ఏడు దాది వేషం నీది కాదు ఒడిల్. సొలెన్‌ది," అన్నాడు రెన్యో, కాఫీ కప్పు కింద పెట్టకుండానే.

రిహార్సల్‌కి కెఫేలో చేరినవాళ్లంతా ఒడిల్ వైపు చూశారు. ద్రాక్ష కోతల పండగకి ఏటా ఆ ఫ్రెంచి ఊళ్లో ఆడేది ఒకటే పాత హాస్యనాటకం. యజమాని కర్ర పుచ్చుకుని దాదిని బల్ల చుట్టూ తరిమి కొట్టే రంగం కోసమే జనం వస్తారు. నాటకం నడిపించేదీ, యజమాని వేషం కట్టేదీ రెన్యో; దాది వేషం ఒడిల్‌ది. ఏడాది పొడుగునా ఒడిల్ ఎదురుచూసేది ఆ ఒక్క సాయంత్రం కోసమే.

"నేనేం తప్పు చేశాను మొస్యే?"

"తప్పు నీది కాదు, నీ ఒంటిది." గోడమీద అద్దం కట్టి ఉన్న, మసిబారిన ఆ నాటకం అచ్చుబొమ్మ చూపించాడు రెన్యో. "మా తాత పెట్టిన కట్టుబాటు తెలుసుగా? అంతా బొమ్మలో ఉన్నట్టే. అందులో దాది చూడు, కొంగలా ఎంత పొడుగ్గా, సన్నగా ఉందో! నువ్వేమో వెన్నముద్దవి."

పొడుగ్గా, సన్నగా ఉన్న సొలెన్ కిసుక్కున నవ్వింది. "పోనీలెండి మదాం, తెరవెనక నుంచి మాటలందిద్దురుగాని."

ఒడిల్ కళ్లు తుడుచుకుంది. "బొమ్మలో ఉన్నట్టేనా? మాట తప్పరుగా?"

"మా తాత మీద ఒట్టు!"

"అయితే సరిగ్గా చూడనివ్వండి."

కౌంటరు దగ్గర వెనిగరూ, పాత పేపరూ అడిగి తీసుకుంది. కుర్చీ ఎక్కి, ఏళ్ల తరబడి పట్టిన చుట్టపొగ మసిని అద్దం మీంచి రుద్దింది. బొమ్మ అడుగున చిన్న అక్షరాలు తేలాయి.

"వేషగాళ్ల పేర్లు కూడా వేశారే! దాదిగా... మొస్యే లాంబెర్."

"మొస్యేనా? మదాం కాదా?" సొలెన్ నోరు తెరిచింది.

"ఆ రోజుల్లో దాది వేషం మగాళ్లే కట్టేవాళ్లమ్మా," అంటూ కెఫే నడిపే ముసలాయన పడీపడీ నవ్వాడు.

ఒడిల్ కుర్చీ దిగింది. "మొస్యే, మనలో కొంగలా ఉన్న మగాడెవరబ్బా?"

అందరూ రెన్యో వైపు తిరిగారు.

"మరి... మరి యజమాని?" అన్నాడతను నీరసంగా.

అందరి కళ్లూ బొమ్మ మీదికి వెళ్లాయి. మసి వదిలిన మూలలో, కర్రెత్తి నిలబడ్డ యజమాని పొట్టిగా, గుండ్రంగా, అచ్చం వెన్నముద్దలా ఉన్నాడు.

"ఆడది యజమానేంటి?" అన్నాడు రెన్యో.

"మగాడు దాది అయితే లేని తప్పు, ఆడది యజమాని అయితే వచ్చిందా?" అంది ఒడిల్.

పండగనాడు తెర లేచేసరికి, మోకాళ్ల పైకి గౌను ఎగదోసుకుని బల్ల చుట్టూ పరిగెడుతున్నాడు రెన్యో. వెనకాలే కర్ర పుచ్చుకుని, ఇన్నేళ్ల దెబ్బలూ గుర్తుపెట్టుకున్న ఒడిల్.