నాలుగు వరుసల ఫైలు

"మళ్లొక్కసారి చదువక్కా, జర మెల్లగ," అన్నాడు సాగర్ ఫోన్లో. అతనికి జనగామలో కంప్యూటర్ల దుకాణం ఉంది.

భూపాలపల్లిలో అతని అక్క శోభారాణి మళ్లీ చదివింది. కూతురి ఆధార్ కాపీ కోసం ఇంటి కంప్యూటర్‌లో వెతుకుతుంటే, ఎన్నడూ చూడని ఫోల్డర్‌లో దొరికిన ఫైలది. తెరిస్తే నాలుగే వరుసలు. వాయిస్: ఫిమేల్. లాంగ్వేజ్: తెలుగు. స్పీడ్: స్లో. స్క్రీన్: ఆఫ్.

"గివి సెట్టింగులక్కా. ఏదో ప్రోగ్రాం ఎట్ల నడవాల్నో రాసిపెట్టుకునే ఫైలు. బావ కంప్యూటర్ తెరువంగనే ఒక ఆడగొంతు తెలుగుల మెల్లగ మాట్లాడుతది. తెర మీద మాత్రం ఏం కనవడది."

"పక్కోళ్లు చూడొద్దనా?"

"ఏమో మరి. ఫోల్డర్ ఫోటో పంపు, గది ఏం ప్రోగ్రామో చూసి చెప్త."

ఫోటో పంపాక ఆమెకు కాలు నిలవలేదు. ఆపేసిన పొయ్యినే రెండుసార్లు ఆపబోయింది. నెల రోజులుగా భర్త ఐలేశ్ చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నల్లటి తెర ముందు కూర్చుంటున్నాడు. అదేమిటంటే కరెంటు పొదుపట. చెప్పేది చెల్పూర్ ప్లాంటులో కరెంటు పుట్టించే మనిషి! బండి తీయడం మానేసి ఎవరి కారులోనో డ్యూటీకి పోతున్నాడు. మాట్లాడితే మొహం వైపు చూడడు. మొన్న పెద్దవంగర పెళ్లిలో ఆమె బాపు ఎదురుగా వచ్చి నిలబడితే, పలకరించకుండా పక్కనుంచి పోయాడు. బాపు ఆ పూట విస్తరి ముందు కూర్చోలేదు.

ఇక చాలనుకుంది. సంచిలో నాలుగు చీరలు కుక్కి గడప దగ్గర పెట్టింది. బడి నుంచి పిల్ల రాగానే జనగామ బస్సెక్కడమే.

పిల్లకంటే ముందు ఐలేశ్ వచ్చాడు. సంచికి కాలు తన్నుకుని లోపలికొచ్చి, ఎక్కడికని కూడా అడగలేదు.

"ఎవలామె?" అంది శోభారాణి.

"ఎవలు?"

"నీ చెవుల మాట్లాడేటామె. ఫైలు చూసిన."

ఐలేశ్ గోడ వైపు చూస్తూ, "ఎవ్వలికి చెప్పకు శోభా. నౌకరి పోతది," అన్నాడు.

"నౌకరి పోయేదాంక వచ్చిందా?"

ఇంతలో ఫోన్ మోగింది. ప్రోగ్రాం ఏదో తెలిసిందన్నాడు సాగర్. తెర మీద ఉన్నది పైకి చదివి వినిపించేదట.

"అక్కా, బావకు కండ్లు కనవడుత లేవా?"