బెల్లం పట్టిన మౌస్

"పడవే, నీ యవ్వ! పడు!"

పరుశురాం మౌస్‌ను టపటపా నొక్కాడు. తెర మీద బాణం కదులుతోందే గానీ నొక్కు పడడం లేదు. లూడో ఆటలో పాచిక దొర్లకుండా మొండికేసింది.

ఆట మంచి పట్టులో ఉంది. మూడు గోటీలు పండాయి, నాలుగో కాయ ఇంటి గుమ్మం దాకా వచ్చింది. కరోనా అంటుకుని బమ్రోలిలోని ఇంట్లో ఈ వెనకగదిలో ఒంటరిగా పడ్డప్పటి నుంచి రోజూ ఓడిపోతూనే ఉన్నాడు. ఇవాళ మొదటిసారి గెలుపు కళ్ల ముందు కనబడుతోంది. తీరా సమయానికి ఈ పాత కంప్యూటర్ మౌస్ చేతులెత్తేసింది.

అవతల ఆడేది అదే ఊళ్లో కతర్‌గామ్ వైపు ఉండే హీరాభాయ్. భార్య జమున దోస్తు మొగుడట, వజ్రాలకు సానపట్టే పనట, అతనూ ఇలాగే గదిలో బందీ అయ్యాడట. ఇద్దరికీ పొద్దుపోతుందని జమునే ఆట కలిపింది. హీరాభాయ్ ఒక్క మాట రాయడు. గెలిచినప్పుడల్లా మాత్రం గాడిద బొమ్మ పంపుతాడు.

"జమునా! మౌస్ ఖరాబైందే!"

"కాదా మరి? పొద్దుగాల కషాయం అంత దాని మీదనే ఒలకవోసుకుంటివి," తలుపు అవతలి నుంచి అంది జమున.

"మీ అమ్మ కషాయంల గంత బెల్లం ఎందుకేస్తది? బటన్ అతుక్కపోయింది!"

వంటింట్లో గరిటె చప్పుడు టక్కున ఆగింది. పరుశురాం నాలుక కరుచుకున్నాడు. కూతురిని చూడ్డానికని వచ్చి లాక్‌డౌన్‌లో చిక్కుకున్న అత్త గంగవ్వ అక్కడే ఉంది మరి. అల్లుడు ఎదురుపడితే కొంగు తల మీదికి లాక్కుని గోడ వైపు తిరిగే మనిషి. పెళ్లయిన నాటి నుంచి అతనితో నేరుగా ఒక్క మాట మాట్లాడింది లేదు. "బిడ్డా, అల్లుడు తిన్నడా?" అని కూతురిని అడగడమే.

"దుకాణాలన్ని బందున్నయ్. నువ్వే ఇప్పి చూస్కో," అంది జమున. తలుపు కింది సందులోంచి కుట్టుమిషన్ స్క్రూడ్రైవర్ జారి వచ్చింది. దాని వెనకే చెవులు తుడుచుకునే దూది పుల్లలు.

పరుశురాం తీగ పీకి, మౌస్‌ను బోర్లించి, స్క్రూ ఊడదీశాడు. పైడొప్ప లేచింది. బటన్ కింద బెల్లం పాకం గట్టిపడి ఉంది. రెండు చీమలు అప్పుడే విందుకు కూర్చున్నాయి.

"శానిటైజర్ ఉంది గదా, దాంతోటి తుడువు," అంది జమున.

టింగ్! తెర మీద ఆవులిస్తున్న ముఖం.

"చూసినవానే? హీరాభాయ్ ఆవులిస్తున్నడు. నేను భయపడి ఉరికిన అనుకుంటడు!"

"అనుకోనియ్. నిమ్మలంగ తుడువు. దగ్గొస్తుందా?"

"దగ్గా? ఈ లొల్లిల దాని యాదే లేదు."

తలుపు అవతల జమున గాజుల చప్పుడు వినిపించింది. కళ్లు తుడుచుకున్నట్టుంది.

టింగ్! ఈసారి గాడిద.

"అరే, గెలవకముందే గాడిదను పంపుతడా? ఆగు బిడ్డా, నీ సంగతి చెప్త!"

దూది పుల్ల తడిపి బటన్ కింద, స్విచ్చు పైన, మూలమూలలా రుద్దాడు. ఊది ఆరబెట్టాడు. డొప్ప మూసి స్క్రూ బిగించి తీగ గుచ్చాడు. ఊపిరి బిగబట్టి నొక్కాడు.

టిక్!

ఆ చప్పుడు అతని చెవికి బ్యాండు మేళంలా వినిపించింది. పాచిక గిరగిరా తిరిగింది. ఒకటి. ఛ! గోటీ ఒక్క గడి జరిగి గుమ్మం మీదే నిలబడింది. పర్వాలేదు, ఇంకొక్క వంతు వస్తే ఇంట్లోకి దూరడమే.

హీరాభాయ్ పాచిక తిరిగింది. అయిదు. వెనకనుంచి ఎర్ర గోటీ టకటకా గెంతుకుంటూ వచ్చి సరిగ్గా పరుశురాం గోటీ నెత్తిన కూర్చుంది. పాపం అతని గోటీ మొదలుపెట్టిన చోటికి పోయి పడింది.

"దొంగాట! జమునా, నీ దోస్తు మొగుడు పచ్చి దొంగనే!" గది దద్దరిల్లేలా అరిచాడు పరుశురాం.

తలుపు అవతల జమున కిసుక్కున నవ్వింది. ఆ నవ్వును తోసుకుంటూ వంటింట్లోంచి ఒక గొంతు ఖంగుమంది.

"దొంగాట ఏంది అల్లుడా? సక్కగ నాకు అయిదు వడ్డది, కొట్టిన!"